మిర్చి టన్నెల్ నోట్లో ఐదు లోహాల ఫెర్రైట్ టైల్: ఒక కేస్ స్టడీ

విజయవాడ ఆటోనగర్‌లోని ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్ మసాలా దినుసులు ఆరబెట్టే మైక్రోవేవ్ టన్నెల్ ఒకటి తయారు చేసింది. కొన్నది గుంటూరు దగ్గర మిర్చి పొడి కొట్టించి ఎగుమతి చేసే వ్యాపారి. కల్లంలో బాగా ఎండిందనుకున్న కాయలో కూడా తేమ ఒక్కలా ఉండదు. తొడిమ దగ్గర, గింజల చుట్టూ పచ్చిదనం మిగిలిపోతుంది. గోదాములో అదే బూజు అవుతుంది, బూజు వెంట అఫ్లటాక్సిన్ అనే విషం భయం. పొడి కొట్టే ముందు కాయను ఒకసారి టన్నెల్‌లోంచి పంపి, తేమను 10 శాతం దరిదాపులకు దించాలన్నది ఆయన ఆలోచన.

యంత్రంలో పెద్ద మర్మం ఏమీ లేదు. పొడవాటి స్టీలు పెట్టె, లోపల 600 మిల్లీమీటర్ల వెడల్పు బెల్టు, పైన వరుసగా మైక్రోవేవ్ పుట్టించే ఒక్కో కిలోవాట్ మాగ్నెట్రాన్లు. ఇంట్లో ఒవెన్‌లాగే ఫ్రీక్వెన్సీ 2.45 గిగాహెర్ట్జ్. ఒవెన్‌కి తలుపు ఉంటుంది, దీనికి ఉండదు. సరుకు లోపలికి పోయే నోరు, బయటికి వచ్చే నోరు రెండూ ఎప్పుడూ తెరిచే ఉంటాయి. లీకేజీ తలనొప్పంతా ఆ రెండు నోళ్ల దగ్గరే.

మొదట నోటి లోపలి గోడలకు ఫెర్రైట్ (ఐరన్ ఆక్సైడ్‌తో చేసే అయస్కాంత సిరామిక్) పొడి కలిపిన సిలికాన్ రబ్బరు షీట్లు అంటించారు. కాయ నిండుగా వెళ్తున్నంతసేపూ బాగానే ఉంది. షిఫ్టు చివర సరుకు పలచబడగానే లోపలి శక్తికి నీరు దొరక్క, అంతా రబ్బరు మీదికి మళ్లింది. షీట్లు ఉబ్బి, అంచులు మాడాయి. లీకేజీ మీటరు మనం పెట్టుకున్న గీత దాటింది. ఆ గీత ఇంటి ఒవెన్లకు మామూలుగా పాటించేదే: 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు. "కాలిన వాసన మిర్చిదో రబ్బరుదో తెలియట్లేదండీ, మీరొకసారి వచ్చి చూడండి" అని యూనిట్ యజమాని ఫోన్ చేశారు. సిరామిక్స్ కన్సల్టెంట్‌గా నేను ఈ పనిలోకి వచ్చింది అప్పుడే.

తరంగం ఎలా బయటికి వస్తోంది

ముందుగా ఒక సలహా సంగతి తేల్చాలి. ఎవరిని అడిగినా "నోరు ఎత్తు తగ్గించండి, తరంగం రాదు" అంటారు. 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 122 మిల్లీమీటర్లు, అందులో సగం 61. సందు అంతకన్నా చిన్నదైతే తరంగం ఆగుతుందన్నది వాళ్ల లెక్క. చిన్న చదరపు రంధ్రానికి అది నిజమే. మన నోరు 600 వెడల్పు. విద్యుత్ క్షేత్రం నిలువుగా, అంటే కింది రేకు నుంచి పై రేకుకు ఉన్న తరంగానికి ఎత్తుతో పని లేదు. 61 చేసినా, 30 చేసినా హాయిగా బయటికి నడిచి వస్తుంది. తరంగదైర్ఘ్యంలో పావు, అంటే 30.6 మిల్లీమీటర్ల లోతున్న గాళ్లు, అంటే చోక్‌లు పెడితే చాలావరకు వెనక్కి తిప్పి కొట్టవచ్చు. అవి ఈ యంత్రంలో ఉన్నాయి కూడా. కానీ చోక్ తరంగాన్ని తినదు, తిప్పి కొడుతుందంతే. ఏ కోణంలో వచ్చినదాన్నైనా తిప్పి కొట్టడం దానికి చేతకాదు. తప్పించుకున్నదాన్ని గోడే పీల్చుకోవాలి.

గోడ పీల్చుకోవాలన్నప్పుడు ఏ రకం నష్టంతో (తరంగ శక్తి పదార్థంలో వేడిగా మారడమే నష్టం) పీల్చుకోవాలన్నదే ఈ కేసులో అసలు నిర్ణయం. లోహపు గోడకు ఆనుకుని ఉన్న చోట, గోడకు సమాంతరంగా ఉండే విద్యుత్ క్షేత్రం సున్నా. గోడకు నిట్టనిలువుగా ఉండేది సున్నా కాదు గానీ, టైల్ లోపలికి వెళ్లేసరికి దాని పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం స్పందించే కొలత) ఎంతో అన్ని వంతులు తగ్గిపోతుంది. ఎటు చూసినా విద్యుత్ నష్టం మీద ఆధారపడే పదార్థానికి గోడ దగ్గర పెద్దగా మేత దొరకదు. అయస్కాంత క్షేత్రం అలా కాదు, గోడ దగ్గరే గరిష్ఠంగా ఉంటుంది, టైల్ లోపలికీ తగ్గకుండా వెళ్తుంది. కాబట్టి రేకుకు అంటించే పలచటి లైనింగ్‌కు అయస్కాంత నష్టం ఉన్న పదార్థమే సరి. ఈ పనికి చాలామంది మొదట చెప్పే పేరు సిలికాన్ కార్బైడ్. మంచి పదార్థం, ఎంత వేడికైనా చలించదు. అయితే అది పీల్చేది విద్యుత్ నష్టంతో. పనిచేయాలంటే మందం కావాలి, ఆ మందానికి బెల్టు మీద చోటు లేదు.

అలా ఫెర్రైట్ దగ్గరికి వచ్చాం. ఫెర్రైట్‌లో కూడా బజారులో దొరికే నికెల్-జింక్ టైళ్లు ప్రధానంగా అనెకోయిక్ చాంబర్ల (తరంగాలు గోడల నుంచి తిరిగి రాని పరీక్ష గదుల) కోసం, 1 గిగాహెర్ట్జ్‌కు లోపు ఫ్రీక్వెన్సీలకు చేసినవి. పర్మియబిలిటీ (అయస్కాంత క్షేత్రానికి స్పందించే కొలత) ఎక్కువ రావాలని వాటిలో జింక్ దట్టంగా వేస్తారు. జింక్ పెరిగే కొద్దీ క్యూరీ ఉష్ణోగ్రత పడిపోతుంది. అది దాటాక ఫెర్రైట్ ఫెర్రైట్‌లా ఉండదు, అయస్కాంత గుణం పోయి మామూలు పెంకు అయిపోతుంది. చల్లటి చాంబర్‌లో దీనితో ఇబ్బంది లేదు. మాడిన రబ్బరు స్థానంలో పెట్టే వస్తువుకు మాత్రం ఇదే మొదటి ప్రశ్న.

హై ఎంట్రోపీ అంటే ఇక్కడ ఎంతవరకు

ఆ వేడి ప్రశ్నకు జవాబు వెతుకుతూ హై ఎంట్రోపీ పదార్థాల వైపు చూశాం. ఐదు లోహాలను సమపాళ్లలో ఒకే స్ఫటికంలో కూర్చోబెడితే కలయిక ఎంట్రోపీ (లోహాలు ఎంత కలగాపులగంగా కలిశాయో చెప్పే కొలత) వాయు స్థిరాంకానికి 1.61 రెట్లు వస్తుంది. 5కు సహజ లాగరిథమ్ అంతే. 1.5 రెట్లు దాటితే హై ఎంట్రోపీ అనడం వాడుక. 2004లో మిశ్రలోహాలతో మొదలైన ఈ ఆలోచన 2015లో ఆక్సైడ్లకు చేరింది. మెగ్నీషియం, కోబాల్ట్, నికెల్, కాపర్, జింక్ ఆక్సైడ్లు ఐదూ కలిసి 900 డిగ్రీల దరిదాపుల్లో ఒకే రాక్‌సాల్ట్ ఫేజ్ (ఉప్పులాంటి ఒకే స్ఫటిక అమరిక) అవుతాయని, తక్కువ వేడిలో మళ్లీ కాచితే విడిపోతాయని క్రిస్టినా రాస్ట్ బృందం చూపించింది. ఆ తర్వాత కార్బైడ్లు, బోరైడ్లు, నైట్రైడ్లు వరుసగా వచ్చాయి. మైక్రోవేవ్ శోషణ మీద వాటితో పేపర్లు కుప్పలుగా ఉన్నాయి. వాటి జోలికి నేను పోలేదు. చాలావాటికి 1800 డిగ్రీలు దాటే వేడి, గాలి తగలని ఫర్నేస్ కావాలి. మా షెడ్‌లో ఉన్నది గాలిలో కాల్చే బాక్స్ ఫర్నేస్.

మేం ఎంచుకున్నది స్పినెల్ అనే స్ఫటిక అమరిక ఉన్న ఫెర్రైట్. రెండు వంతులు ఇనుము. మిగిలిన ఒక వంతు చోటును మెగ్నీషియం, కోబాల్ట్, నికెల్, కాపర్, జింక్ పంచుకుంటాయి. ఒక్కోటి ఎందుకో చెబితే కథ అర్థమవుతుంది. నికెల్ ఫెర్రైట్ క్యూరీ ఉష్ణోగ్రత 585 డిగ్రీల దగ్గర, కోబాల్ట్ ఫెర్రైట్‌ది 520 దగ్గర. ఈ రెండూ వేడిలో నిలబెడతాయి. కోబాల్ట్ అయస్కాంత అనిసోట్రోపీని (ఒక దిశకే మొగ్గే గుణాన్ని) పెంచి, నష్టాన్ని పై ఫ్రీక్వెన్సీలకు నెడుతుంది కూడా. జింక్ ఫెర్రైట్ గది ఉష్ణోగ్రతలో అయస్కాంతమే కాదు, కానీ కొద్దిగా కలిస్తే మిగతా ఫెర్రైట్ల అయస్కాంతీకరణను పెంచుతుంది. మెగ్నీషియం విద్యుత్ వాహకత పెరగకుండా పట్టి ఉంచుతుంది. కాపర్ తక్కువ వేడిలోనే టైల్ గట్టిపడేలా చేస్తుంది. చేసే మేలు, తెచ్చే గొడవ రెండూ కాపర్‌వే, ముందుకు పోతే తెలుస్తుంది.

ఇక్కడొక మాట. ఈ ఫెర్రైట్‌ను హై ఎంట్రోపీ అనడం ఐదు లోహాలున్న ఒక్క చోటును మాత్రమే లెక్కేస్తేనే. ఇనుముతో సహా కాటయాన్లన్నీ (ధనావేశమున్న లోహ అయాన్లన్నీ) కలిపి లెక్కేస్తే మోల్ కాటయాన్లకు 1.17 రెట్లే వస్తుంది. పైగా స్పినెల్ ఫెర్రైట్లు ఎంట్రోపీ సాయం లేకుండానే స్థిరంగా ఉండే జాతి. నా దృష్టిలో హై ఎంట్రోపీ అన్నది శోషణకు కారణం కాదు. పాళ్లను అటూ ఇటూ జరుపుకోవడానికి దొరికిన జాగా మాత్రమే. ఒక లోహం తగ్గించి ఇంకోటి పెంచినా స్ఫటికం విరగదు, రెండో ఫేజ్ సులభంగా పుట్టదు. ఈ పనిలో దాని విలువ అంతవరకే, అయితే అది చిన్న విలువేమీ కాదు.

కొలిమి దగ్గర

ఒక మోల్ బ్యాచ్‌కి 231 గ్రాముల పొడి. అందులో 159.7 గ్రాములు ఐరన్ ఆక్సైడే, అంటే దాదాపు 69 శాతం. మెగ్నీషియం ఆక్సైడ్ 8 గ్రాములు. తక్కువే కదా అని దాన్ని డబ్బాలోంచి నేరుగా తూస్తే పాళ్లు తప్పుతాయి. అది గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని హైడ్రాక్సైడ్‌గా, కార్బనేట్‌గా మారిపోతుంది. కృష్ణ ఒడ్డున వానాకాలంలో ఎంత పీలుస్తుందో చెప్పనక్కర్లేదు. 1000 డిగ్రీల దగ్గర కాల్చి, డెసికేటర్‌లో చల్లార్చి, వెంటనే తూయాలి. మా తూకం కుర్రాడికి ఇది నచ్చదు. "ఎనిమిది గ్రాముల కోసం ఫర్నేస్ వెలిగించాలా అండీ" అంటాడు. వెలిగించాలి.

జిర్కోనియా గుండ్లతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో రాత్రంతా మిల్లింగ్. ఆరబెట్టి 900 డిగ్రీల దగ్గర కాల్సినేషన్, అంటే పొడిగానే తొలి కాల్పు. మళ్లీ మిల్లింగ్, పొడిని పట్టి ఉంచే పీవీఏ బైండర్, ప్రెస్‌లో చదరపు బిళ్ళలు. బైండర్ కాలిపోయే దాకా, అంటే 500, 600 డిగ్రీల వరకు నెమ్మదిగా ఎక్కించాలి, లేకపోతే బిళ్ళ మధ్యలో పొర లేస్తుంది. ఇదంతా ఏ ఫెర్రైట్‌కైనా చేసేదే, ఇంతకన్నా చెప్పడానికి లేదు.

చెప్పాల్సింది చల్లార్చడం గురించి. మొదటి టైళ్లను 1200 డిగ్రీల దగ్గర కాల్చి, కొన్నిటిని ఫర్నేస్‌లోనే నెమ్మదిగా, కొన్నిటిని వేగంగా చల్లార్చాం. నెమ్మదిగా చల్లారిన వాటిని ఎక్స్‌ఆర్‌డీకి (ఎక్స్‌రేలతో స్ఫటికాన్ని గుర్తించే పరీక్షకు) పంపితే రిపోర్టు మీద "సింగిల్ ఫేజ్ స్పినెల్" అని వచ్చింది. గ్రాఫ్ నేనే తెప్పించుకుని చూశాను. ఇలాంటి గ్రాఫ్‌లో మోసపోవడానికి రెండు కారణాలుంటాయి. ఒకటి, కాపర్ ఎక్స్‌రే ట్యూబుతో ఇనుము, కోబాల్ట్ ఎక్కువున్న నమూనాను చూస్తే ఫ్లోరెసెన్స్ (నమూనా తానే ఎక్స్‌రేలు వెదజల్లడం) వల్ల గ్రాఫ్ అడుగు గీత పైకి లేస్తుంది, చిన్న శిఖరాలు అందులో మునిగిపోతాయి. రెండు, స్పినెల్ అతిపెద్ద శిఖరం 35.5 డిగ్రీల దగ్గర ఉంటే, కాపర్ ఆక్సైడ్ పెద్ద శిఖరం కూడా సరిగ్గా అక్కడే నక్కుతుంది. దాన్ని పట్టుకోవాలంటే 38.7 దగ్గర చూడాలి. అక్కడ స్పినెల్‌కు చెప్పుకోదగ్గది ఏమీ లేదు. మా గ్రాఫ్‌లో అక్కడ చిన్న మూపురం ఉంది. నెమ్మదిగా మళ్లీ స్కాన్ చేయిస్తే అది శిఖరమేనని తేలింది. అంటే చల్లారేటప్పుడు కాపర్ స్ఫటికంలోంచి బయటికి వచ్చి, గింజల సరిహద్దుల్లో ఆక్సైడ్‌గా కూర్చుంటోంది. 2015 నాటి రాక్‌సాల్ట్ ఆక్సైడ్‌లో కూడా ముందుగా విడిపోయేది కాపర్ ఆక్సైడే, కాబట్టి ఆశ్చర్యపోలేదు.

వేగంగా చల్లారిన టైళ్లలో ఆ శిఖరం లేదు. అందరం సంతోషించేలోపే కొలతలు వచ్చాయి. పర్మిటివిటీ 20 దాకా ఎక్కింది, దాని నష్ట భాగం 6. కారణం ఇనుమే. 1200 డిగ్రీల దగ్గర ఫెర్రైట్ కొంత ఆక్సిజన్ వదులుతుంది, జింక్ కూడా కొంత ఆవిరవుతుంది, మూడు ఆవేశాల ఇనుములో కొంత రెండు ఆవేశాలకు దిగుతుంది. నెమ్మదిగా చల్లార్చితే గాలిలోని ఆక్సిజన్ మళ్లీ చేరి సర్దుకుంటుంది. వేగంగా చల్లార్చితే ఆ టైము దొరకదు. రెండు రకాల ఇనుము పక్కపక్కనే ఉంటే ఎలక్ట్రాన్లు ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి గెంతుతూ వాహకతను పెంచుతాయి.

"నష్టం పెరిగితే మంచిదే కదా సార్, మనకు కావాల్సింది నష్టమేగా" అని యజమాని అడిగారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు లెక్కలోనే ఉంది. లోహపు వెనుక రేకుతో 6 మిల్లీమీటర్ల టైల్, తరంగం ఎదురుగా తగిలిందనుకుందాం. పర్మియబిలిటీ 1.6, దాని నష్ట భాగం 1.4 అని, పర్మిటివిటీ 12, దాని నష్ట భాగం 0.8 అని తీసుకుంటే పరావర్తనం మైనస్ 16 డెసిబెల్స్, అంటే వచ్చిన శక్తిలో వెనక్కి పోయేది 2 శాతం పైచిలుకు. అదే పర్మిటివిటీని 20, నష్టాన్ని 6 చేసి చూస్తే మైనస్ 7. వెనక్కి పోయేది 20 శాతం. నష్టం ఏడెనిమిది రెట్లు పెరిగితే శోషణ తగ్గింది. తరంగం ముందు లోపలికి రావాలి, ఆ తర్వాతే నష్టం మాట. గాలికి, టైల్‌కి ఇంపిడెన్స్ (తరంగానికి ఎదురయ్యే నిరోధం) కుదరకపోతే అది గుమ్మంలోంచే తిరిగి వెళ్లిపోతుంది.

కాబట్టి రెండు వైపులా నొక్కు పడింది. నెమ్మదిగా చల్లార్చితే కాపర్ బయటికి వస్తుంది, వేగంగా చల్లార్చితే ఇనుము చెడుతుంది. దారి కాల్చే వేడిని తగ్గించడంలో దొరికింది. కాపర్ పుణ్యమా అని 1100 డిగ్రీలకే టైల్ తగినంత గట్టిపడింది, ఆ వేడిలోనే ఉంచే సోక్ సమయం పెంచితే చాలు. వేడి తగ్గేసరికి ఆక్సిజన్ పోవడం, జింక్ పోవడం రెండూ తగ్గాయి. టైళ్లను అదే పొడిలో పూడ్చి కాల్చాం, పైపొర జింక్ పోకుండా. అప్పటికీ 38.7 దగ్గర మూపురం పూర్తిగా పోలేదు. కాపర్ వాటాను 0.2 నుంచి 0.15కి దించి, ఆ మేరకు నికెల్‌ను 0.25కి పెంచాం. ఇంత సవరించినా ఎంట్రోపీ 1.61 నుంచి 1.60కి తగ్గిందంతే. ఇందాక జాగా అన్నది దీన్నే. నికెల్ పెరగడం వల్ల క్యూరీ ఉష్ణోగ్రతకు కూడా మేలే జరిగింది.

కొలతలు

పేపర్లలో వచ్చే మైనస్ 50, మైనస్ 60 డెసిబెల్స్ గురించి క్లయింట్లు తరచూ అడుగుతారు. మైనస్ 10 అంటే 90 శాతం, మైనస్ 20 అంటే 99 శాతం శోషణ. ఆ పైన వచ్చేదంతా ఒక ప్రత్యేక మందం దగ్గర, ఒక సన్నటి ఫ్రీక్వెన్సీ దగ్గర లెక్కలో కనిపించే సూదిమొన. మందం 0.1 మిల్లీమీటరు మారితే అది పక్కకు జరిగిపోతుంది. మా ప్రెస్‌లో వచ్చే తేడానే అంతకన్నా ఎక్కువ. మైనస్ 15 దగ్గర వెడల్పుగా నిలబడే టైల్‌ను నేను మైనస్ 60 సూది కన్నా ముందు ఎంచుకుంటాను.

ఇంకో సంగతి. ఆ పేపర్లలో చాలావరకు పొడిని పారఫిన్ మైనంలో కలిపి, 7 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 3.04 లోపలి వ్యాసం ఉన్న రింగుగా నొక్కి, కోయాక్సియల్ హోల్డర్‌లో కొలుస్తారు. వచ్చేది మైనం-పొడి మిశ్రమం గుణం. మనం గోడకు బిగించేది గట్టిగా కాలిన టైల్. దీని విలువలు వేరు. అందుకే మేం టైల్‌తో పాటే, అదే పొడితో, అదే ఫర్నేస్‌లో రింగులు కాల్చి, సానబట్టి కొలిపించాం. ఈ కొలత తీసే వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజర్ దగ్గర్లోని ఒక కాలేజీ ల్యాబ్‌ది. గట్టి సిరామిక్ రింగు హోల్డర్‌లో మైనంలా అమరదు, వెంట్రుకవాసి సందు మిగులుతుంది. ఆ సందు పర్మిటివిటీని ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తుంది. పర్మియబిలిటీని అంతగా చెడగొట్టదు. రింగు లోపలి, బయటి అంచులకు వెండి పెయింట్ పూసి కొలిస్తే సంఖ్యలు నిలకడకు వచ్చాయి. పర్మిటివిటీ 12 చిల్లర, ఇందాకటి లెక్కకు దగ్గరే.

వేడిలో ఏమవుతుందో కోయాక్సియల్ హోల్డర్ చెప్పదు. క్యూరీ ఉష్ణోగ్రతకు పాత పద్ధతి ఒకటుంది. వేడి చేస్తూ బరువు తూచే టీజీఏ యంత్రంలో నమూనా కింద చిన్న అయస్కాంతం పెట్టి వేడి చేయడం. అయస్కాంతం లాగుతున్నంతసేపూ బరువు ఎక్కువ చూపిస్తుంది. అయస్కాంత గుణం పోగానే బరువు ఒక్కసారిగా పడిపోతుంది. మా టైల్‌కి ఆ మెట్టు 350 డిగ్రీల పైన వచ్చింది. ఆ గీత దాటితే ఏమవుతుందో కూడా లెక్కేసి యజమానికి చూపించాను. పర్మిటివిటీని అలాగే ఉంచి, పర్మియబిలిటీని 1 చేస్తే అదే 6 మిల్లీమీటర్ల టైల్ 90 శాతం పైనే వెనక్కి కొడుతుంది. ఒక రకంగా ఇది రక్షణే. అయస్కాంత నష్టం ఆగిపోతుంది కాబట్టి, సిలికాన్ కార్బైడ్‌లాగా వేడెక్కేకొద్దీ ఇంకా పీల్చి తనను తాను కాల్చుకునే ప్రమాదం తక్కువ. కానీ ఆ క్షణాన లీకేజీ మొదలవుతుంది. రెండూ గుర్తుంచుకోవాలి.

పోలిక కోసం నికెల్, జింక్ సగం సగం వేసిన మామూలు ఫెర్రైట్‌ను కూడా అదే పద్ధతిలో చేసి పక్కన పెట్టాను. చల్లగా ఉన్నప్పుడు రెండిటి మధ్య పెద్ద తేడా లేదు. వేడిలో ఐదు లోహాల టైల్ నెగ్గింది. అయితే ఆ ఘనత ఎంట్రోపీకి ఇవ్వలేను. ఇందులో జింక్ 0.2, అందులో 0.5, తేడాలో ఎక్కువ భాగం అక్కడే ఉంది.

గోడకు బిగించడం

టైల్ 50 మిల్లీమీటర్ల చదరం, 6 మందం. సన్నగా చేస్తే ఖర్చు తగ్గుతుందని 3 మిల్లీమీటర్లు అడిగారు. అదే లెక్కలో 3 మిల్లీమీటర్ల దగ్గర మైనస్ 5 డెసిబెల్సే వస్తుంది, మూడో వంతు వెనక్కి పోతుంది. ఎదురుగా తగిలే తరంగానికి వేసిన లెక్క ఇది. సొరంగంలో గోడ వెంబడి పాక్కుంటూ పోయే తరంగానికి యథాతథంగా వర్తించదు. మందం ఎంపికకు దారి చూపడానికి మాత్రం సరిపోతుంది.

స్టీలు వేడికి టైల్ కన్నా ఎక్కువ సాగుతుంది. డిగ్రీకి పది లక్షలకు 17 వంతులు స్టీలుకి, సుమారు 10 ఫెర్రైట్‌కి. 150 డిగ్రీల తేడాకి 50 మిల్లీమీటర్ల పొడవున 0.05 మిల్లీమీటర్లు. వినడానికి ఏమీ లేదు, గట్టి జిగురుతో నాలుగు మూలలూ అంటిస్తే మాత్రం మూల విరగడానికి సరిపోతుంది. షాపులో పనిచేసే పెద్ద ఫిట్టర్‌ను "బాబాయ్, అంచుల్ని వదిలేసి పట్టుకునే క్లిప్ చేయగలరా" అని అడిగితే, తలుపు రన్నర్‌కి వాడే మడత రేకుతో ఒక గాడి చేసి చూపించారు. టైల్ మధ్యలో మాత్రం వేడి తట్టుకునే సిలికాన్ చుక్క. టైళ్ల మధ్య సందు గురించి చాంబర్లు కట్టేవాళ్లు చాలా భయపెడతారు. పర్మియబిలిటీ వందల్లో, వేలల్లో ఉన్న టైళ్లకు ఆ భయం సహేతుకమే. మనది 1.6, కొద్ది సందుకు నష్టం లేదు.

ఈ పనిలో నేను అసలు రాజీ పడనిది ఒకటుంది. బెల్టు మీద ఉన్నది తిండి వస్తువు. టైల్‌లో కోబాల్ట్, నికెల్ ఉన్నాయి. సిరామిక్ ఎంత గట్టిదైనా అంచు చిట్లుతుంది, పొడి రాలుతుంది. టైల్ ముఖం బెల్టు వైపు తెరిచి ఉండకూడదని, ముందు పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) షీటు, అంచుల్లో స్టీలు ఫ్రేమ్‌తో మూసేయాలని పట్టుబట్టాను. మైక్రోవేవ్‌కు ఆ షీటు దాదాపు కనిపించదు, 260 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఖర్చు పెరిగిందని కొంత గొణుగుడు వచ్చింది. వ్యాపారి మాత్రం ఒక్క మాట అనలేదు. ఎగుమతి సరుకు వెనక్కి వస్తే ఏమవుతుందో ఆయనకు నా కన్నా బాగా తెలుసు.

నోటి దగ్గర మీటరు

ట్రయల్‌కు తేజ రకం మిర్చి కాయ పోశారు. షెడ్‌లో అందరికీ తుమ్ములు, కళ్లలో నీళ్లు. ఘాటు పట్టించుకోకుండా నిలబడింది మీటరు ఒక్కటే. బెల్టు నిండుగా ఉన్నప్పుడు రెండు నోళ్ల దగ్గరా సూది కదల్లేదనే చెప్పాలి. సరుకు బాగా పలచబరిచి చూసినప్పుడు కూడా చదరపు సెంటీమీటరుకు 1 మిల్లీవాట్ దాటలేదు. రబ్బరు షీట్లు మాడింది సరిగ్గా ఈ స్థితిలోనే.

వేడి సమంగా పంచుకోలేదు. పెట్టెకు దగ్గరగా ఉన్న మొదటి వరుస ఎక్కువ తిన్నది, బయటి వరుసలు చేతికి గోరువెచ్చగా తగిలాయి. మొదటి వరుసలో కొన్ని టైళ్లకు మూల నుంచి వెంట్రుక పగుళ్లు వచ్చాయి. పగిలినా పీల్చడం ఆగలేదు, అయినా అలా వదిలేయలేం. ఆ వరుసకు మాత్రం 25 మిల్లీమీటర్ల చిన్న టైళ్లు పెట్టాం, రేకు వెనక ఫిన్లు వెల్డ్ చేసి బ్లోయర్ గాలి మళ్లించాం. చిన్న టైల్‌లో ఒక కొసకూ ఇంకో కొసకూ ఉష్ణోగ్రత తేడా తక్కువ, ఒత్తిడీ తక్కువ. రేకు వెనక 180 డిగ్రీలకు తెగే థర్మోస్టాట్ పెట్టి, మాగ్నెట్రాన్ల సప్లైకి కలిపాం. పీటీఎఫ్ఈ హద్దుకు, క్యూరీ హద్దుకు చాలా కింద ఉండాలనే ఆ సంఖ్య.

టైల్ పెట్టాం కదా అని ఖాళీ బెల్టుతో నడపవచ్చా అని ఆపరేటర్ అడిగాడు. నడపకూడదు. టైల్ ఉన్నది తప్పించుకున్న శక్తికి, మొత్తం శక్తికి కాదు. సరుకు లేదని సెన్సార్ చెప్పగానే మాగ్నెట్రాన్లు వాటంతటవే ఆగాలి. ఈ ఇంటర్‌లాక్ లేకుండా నా టైల్ ఎవరికీ ఇవ్వనని ఒప్పందంలోనే రాయించాను. రోజు చివర పీటీఎఫ్ఈ షీటు మీద పేరుకున్న మిర్చి దుమ్మును తుడవాలి. తుడవకపోతే అది వేడికి నల్లబడి కార్బన్ అవుతుంది, కార్బన్ సొంతంగా వేడెక్కడం మొదలుపెడుతుంది.

ఖర్చు సంగతి. పొడుల ధరలో కోబాల్ట్‌దే పెద్ద పద్దు. ఎవరైనా ఇలాంటి పనికి నన్ను అడిగితే, నోటి దగ్గర 100 డిగ్రీలు దాటదని కొలిచి చూపిస్తే, జింక్ తక్కువున్న మామూలు నికెల్-జింక్ ఫెర్రైట్ చేయించుకోమనే చెబుతాను. ఐదు లోహాల ఖర్చు వేడి ఎక్కువున్న చోటే గిట్టుబాటు అవుతుంది.

అదే యూనిట్ ఇప్పుడు పసుపు కొమ్ముల కోసం దుగ్గిరాల వైపు ఇంకో టన్నెల్ కడుతోంది. దీనిలో కోబాల్ట్ తీసేసి మాంగనీస్ వేయాలని చూస్తున్నాం, తిండి వస్తువు దృష్ట్యా, ధర దృష్ట్యా. చిక్కు ఏమిటంటే, మాంగనీస్ ఫెర్రైట్‌ను గాలిలో చల్లార్చితే మాంగనీస్ ఆక్సీకరణ చెంది స్పినెల్‌లోంచి విడిపోతుంది. నైట్రోజన్‌లో చల్లార్చాలి. బాక్స్ ఫర్నేస్‌కు నైట్రోజన్ లైను, తలుపుకు కొత్త సీలు పెట్టడానికి కొటేషన్లు తెప్పిస్తున్నాను.